కారణం రాయాల్సిన చోట

ఢిల్లీరాణి మానేసింది.
తొమ్మిదో రోజు.
లాకర్లో రెండు మట్టిగాజులు, ఒక జడపిన్ను
అట్లే వదిలిపెట్టి పోయింది.

రేణిగుంట ఎయిర్‌పోర్టు దావలో మా ఫ్యాక్టరీ.
ఫోన్లో కంటిపాపంత కెమెరా బిగిస్తాం.
తెల్ల టోపీ, తెల్ల ముసుగు,
కండ్లు తప్ప మనిషి కనబడదు.
కండ్లను బట్టి పేరు పట్టుకోవాలంటే
నెల పడతాది.
ఆ నెల దాకా ఎవురూ ఉండరు.

హెచ్.ఆర్. సారు కాయితం చాపినాడు.
జీతమా, ఆరోగ్యమా, పెండ్లా, ఇతరములా?
ఒక గడిలో టిక్కు పెట్టమ్మా,
లైన్ లీడరువి కదా.

సార్,
ఆ పిల్ల తొమ్మిది రోజులూ
క్యాంటీన్లో చేతులు కడిగే తొట్టి పక్కన
గోడకి మొగం పెట్టి తినింది.
మా బల్ల కాడ చోటు ఉన్నింది.
రమ్మని ఎవురూ అనలేదు.
నేనూ అనలేదు.
దీనికి గడి యాడుంది?

నేను చేరిన రోజు
కార్వేటినగరంలో నాలుగున్నర బస్సు.
కడుపులో తిప్పతా ఉంటే
కుప్పాయమ్మ లేచి తన కిటికీ నాకిచ్చింది.
మధ్యాన్నం సంగటి ముద్ద విరిచి
సగం నా డబ్బాలో పెట్టి, ఊరిబిండి అద్ది,
"మాట్లాడకుండా తిను, సైరను కొడతాది" అనింది.
ఆ సగం ముద్ద మిందనే
ఏడేండ్లు ఉన్నాను.

ఉన్నాను గానీ, సార్,
ముద్ద ముద్దే.
నాకాడ స్క్రూ పట్టడం నేర్చుకున్న హేమాద్రి
ఇప్పుడు నా షిఫ్టు ఇంచార్జి.
మిషను ఆగితే నన్నే పిలుస్తాడు,
రిపోర్టులో తన పేరు రాసుకుంటాడు.
కోపం లేదు. టీ డబ్బులు ఎప్పుడూ వాడే ఇస్తాడు.
డిప్లొమా ఉంది వాడికి.
అలిపిరి మెట్లెక్కేవాళ్ళకి
కాళ్ళు పీకినా పైన గాలిగోపురం ఉంటాది.
నాకు ఏడేండ్లుగా
ముందరి పిల్ల వీపు.

కుప్పాయమ్మ నిరుడు మానేసింది.
కాయితంలో 'ఆరోగ్యం' అని ఉంది.
అందరికీ ఓళిగలు పంచింది, ఏడ్చింది.
గేటు కాడ నాతో మాత్రం అనింది:
"మీరుండారనే ఇన్నాళ్ళు ఉన్నా.
ఉన్నచోటే ఉండిపోయినానని
నిన్న బూట్లు విప్పతా ఉంటే తెలిసింది."

టిక్కు పెట్టేసినాను. ఇతరములు.

ఆదివారాలు తిరుపతిలో డిప్లొమా క్లాసులంట,
ఫీజు కంపెనీ కడతాదా అని అడిగి మూడు నెలలు.
"చూస్తాం" అన్నారు.
చూసే కండ్లు చేసేది మేము.

నా సంచిలోనూ మడిచిన కాయితం ఒకటుంది.
తారీకు వెయ్యలేదు.

సోమారం.
వడమాలపేటలో కొత్త పిల్ల ఎక్కింది.
బ్యాడ్జీ తిరగేసి తగిలించుకోని
పట్టుకునేదానికి కమ్మీ వెతుకుతా ఉంది.
పక్క సీట్లో సంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాను.
లోపల కాయితం గరగరమనింది.
"నీ పేరేంది మే?"
ఏదో చెప్పింది.
ఇంజను మోతలో వినపడలేదు.
మళ్ళా అడిగినాను.