ముందు తెగింది జిగురే

రౌమా రేవులో జనవరి.
తొమ్మిదైనా తెల్లారలేదు.
బూట్ల మంచు గుమ్మం దగ్గరే దులుపుకుని
ఇర్మెలి హక్కరాయినెన్
ఏడో నంబరు బిళ్ళని
అరచేతిలో ఒకసారి తూచినట్టు ఆడించింది.
అడుగున మెగ్నీషియం, పైన అల్యూమినియం:
గోడకి విసిరికొట్టిన పిడకల్లా
రేణువు మీద రేణువు చప్పిడిగా పరుచుకున్న పొర.

శీతల స్ప్రే అంటారు దీన్ని.
చలంతా పేరులోనే.
గొట్టంలో నైట్రోజన్ నాలుగువందల డిగ్రీల సెగ.
లోహం కరగదు, అంతే,
ఆ మాత్రానికే చలి అని పేరు.

"కరగనిది ఎట్లా అతుకుతుంది?"
కొత్తగా చేరిన ఈరో అడిగాడు.
"వేగంతో. నెమ్మదిగా వచ్చినవి
తగిలి ఎగిరిపోతాయి.
హద్దు దాటి వచ్చినవే
తగిలినచోట ఉండిపోతాయి."
"ఉండిపోయాయని నమ్మకమేంటి?"
"అందుకే లాగుతున్నాం."

సముద్రం మీద మనుషుల్ని వెతికే హెలికాప్టర్ది
ఆ గేర్‌పెట్టె తొడుగు.
ఉప్పుగాలి తొలిచిన గుంటని పొడితో పూడ్చారు.
మెకానిక్ తోర్స్తి రోజూ ఫోను చేస్తాడు,
ఒకటే మాట: పట్టు ఎంత?

బిళ్ళకి రెండువైపులా ఉక్కు దిమ్మలు జిగురుతో అంటించి
రాత్రంతా పొయ్యిలో పెట్టింది.
ఇప్పుడు యంత్రం దవడల మధ్య బిగించింది.
ఇరవై. నలభై.
అరవై దాటాక ఈరో ఊపిరి బిగబట్టాడు.
డెబ్బై తొమ్మిది దగ్గర
ఠప్.

భూతద్దంలో చూసింది.
పొర చెక్కు చెదరలేదు.
జిగురే చీలింది,
సగం ఈ దిమ్మకి, సగం పొర వీపుకి.

"నెగ్గింది!" అన్నాడు ఈరో.
"ఎవరు?" అంది.
"ఈ అంకె దాని బలం కాదు, మన జిగురు బలం.
మన పరీక్ష అక్కడిదాకే వెళ్ళగలిగింది."
"మరి దాని బలం?"
"ఇంతకంటే ఎక్కువ."
"ఎంత ఎక్కువ?"
కళ్ళజోడు తీసి
స్వెటర్ అంచుతో తుడుచుకుంటూ ఉండిపోయింది.

వాళ్ళ నాన్న గడ్డకట్టిన సముద్రం మీద
ఇనప గునపంతో నడిచేవాడు.
అడుగుకి మూడు పోట్లు.
మూడో పోటుకి నీళ్ళు ఊరితే వెనక్కే.
ఒక మార్చిలో వలలన్నీ అవతలే వదిలేసి వచ్చేశాడు.
తొమ్మిదేళ్ళ ఇర్మెలి ఏడ్చింది
వలల కోసం కాదు,
బండికి కట్టిన కొత్త ఎర్రతాడు కోసం.
మంచు మందమెంతో ఆయన ఎన్నడూ చెప్పలేదు.
"ఇక్కడిదాకా మోసింది" అనేవాడు, అంతే.

మధ్యాహ్నం, పొరలోంచే కోసిన సన్నటి పట్టీలు.
మొదటిది రెండువందల పది దగ్గర
ఎండు రొట్టెముక్కలా పుటుక్కున విరిగింది.
సాగలేదు. ఏ సూచనా లేదు.
సూక్ష్మదర్శినిలో గుండ్రటి అంచులు:
పక్కపక్కనే నొక్కుకుని ఉన్నా
ఎవరి గడప వాళ్ళదే.

రెండోదాన్ని నిన్నే కొలిమిలో
నాలుగు గంటలు కాల్చి తీసింది.
అది నూట డెబ్బైకే తెగింది.
ఈరో మొహం చిన్నబోయింది.
ఆమె మాత్రం విరిగిన ముక్కని వెలుతురుకెత్తి
నడుము దగ్గర సన్నబడ్డ చోటుని
గోటితో నిమిరింది.
"బలం తగ్గింది, నిజమే.
కానీ చూడు, తెగేముందు చెప్పింది."

నాలుగింటికి ఫోను.
"డెబ్బై తొమ్మిది దాకా లాగాం, పొర ఊడలేదు.
ఆపైన మాకు తెలీదు."
అవతల కాసేపు గాలి హోరు.
"తెలీదని కూడా రాసిస్తారా?" అన్నాడు తోర్స్తి.

రాసింది.
అంకెకి ముందు, తెరిచిన పిట్టముక్కు లాంటి
చిన్న గుర్తు పెట్టింది.
పక్క గడిలో: తెగింది, జిగురు.

తర్వాత బ్లేడు తీసుకుని
దిమ్మలకి అంటిన పాత జిగురు గీకుతూ కూర్చుంది.
రేపు ఎనిమిదో నంబరు.
కిటికీ బయట ఎప్పుడో మళ్ళీ చీకటి పడింది.