తరుగు

చేపల కార్ఖానాలో కాటా నాది.
న్యూఫౌండ్‌లాండ్ ఉత్తరపు కొసన, ముప్ఫై ఒక్క ఏళ్లు
కాడ్ చేపనీ పీతనీ తూచి,
ఐసు నీళ్లకి తరుగు తీసి,
చీటీ మీద అంకె వేసిన చెయ్యి ఇది.
మనిషిని తూచమని అడిగింది మాత్రం
బ్యూలా కియర్లీ ఒక్కతే.

నవంబరు. శనివారం. రేవు మీద ఎవరూ లేరు.
మంచు పట్టిన చెక్కల మీద
చేతికర్ర ముందు, తను వెనక.
"ఆసుపత్రి తూకం చేతులెత్తేసింది ఎల్డ్రెడ్,
ముల్లు కొసదాకా పోయి అక్కడే వణికింది.
నర్సు మొహం తిప్పుకుంది.
నీ కాటా ఎంత మోస్తుంది?"
అయిదు వందల కిలోలు, అన్నాను.
"అయితే నేనింకా చిన్న చేపనే"
అంటూ పలక ఎక్కింది.

పలక మీదివాళ్లకి ముల్లు కనబడదు,
అది వాళ్ల వీపు వెనక. తూచేవాడికే తెలుస్తుంది.
నూట అరవై ఎనిమిది.
బూట్లకీ కర్రకీ రెండు తీసి
నూట అరవై ఆరు, అని రాశాను.
పడవ పేరుండే గడిలో ఆమె పేరు.

ఆ ఒళ్లు నాకు తెలియంది కాదు.
పదిహేడేళ్లు నా ఎదుటి బల్ల దగ్గర
చేపలు చీల్చి చీల్చి కుడి భుజం అరిగింది.
ఎడమ మోకాల్లో ఇనుము.
థైరాయిడ్ సోమరి, నెత్తుట్లో చక్కెర.
రోజూ నడవమన్న డాక్టరుతో
"కుర్చీలోంచి లేవడమే నాకు నడక" అందట.
అయితే రొట్టె మానెయ్, అన్నాడట ఆయన.

రొట్టె మానెయ్!
పళ్లు రాకముందే రొట్టె చప్పరించినవాళ్లం మేం.
మిగిలిన పిండిముద్దని పంది కొవ్వులో వేయించి
పైన నల్లటి చెరకు పాకం పోస్తే తప్ప
ఆదివారం తెల్లారదు మాకు.
బంగాళాదుంప లేని పళ్లెం చూస్తే
ఇంట్లో ఎవరైనా పోయారా అని అడుగుతాం.

బ్యూలా మానేసింది.
పిండి అద్దకుండా వెన్నలో కాడ్ నాలుకలు,
కాబేజీ, గుడ్లు,
మేనల్లుడు వేటాడి తెచ్చిన దుప్పి మాంసం.
మొదటి వారం తలపోటు, పిక్కలు పట్టేయడం.
డాక్టరు చక్కెర మందు సగం చేశాడు.
ఓ రాత్రి పక్కింట్లో రొట్టె కాలుతున్న వాసనకి
కిటికీ మూసి, మళ్లీ తెరిచి,
అక్కడే నిలబడి ఏడ్చిందట.
చేపల ధర చెప్పినట్టు చెప్పింది నాకు.

నూట అరవై మూడు. నూట యాభై ఎనిమిది.

ఫిబ్రవరిలో ఉత్తరాల పెట్టె దగ్గర జారి
చీలమండ విరగ్గొట్టుకుంది.
ఆరు వారాలు మంచం.
"ఇక అయిపోయింది, పాపం" అని
కొట్టు దగ్గర ఊరు తీర్పిచ్చేసింది.
ఏప్రిల్‌లో రెండు కర్రల మీద వచ్చింది.
నూట యాభై ఒకటి.
నేను రెండుసార్లు చూశాను ముల్లుని.

ఆపైన ముల్లు మొండికేసింది.
మే నెల మొత్తం అదే అంకె.
నాలుగో శనివారం ఆమె వీపు చూస్తూ
ఉండబట్టలేక నూట నలభై తొమ్మిది అని రాశాను.

చీటీ చదివింది. నన్ను చదివింది.
"తరుగు ఎంత తీశావ్?"
కాలి పట్టీకి రెండు, అని నసిగాను.
"పట్టీ నాలుగు వందల గ్రాములు.
వంటింట్లో తూచాను.
పదిహేడేళ్లు చూశా నిన్ను,
పడవలవాళ్లు కాళ్లు పట్టుకున్నా
కిలో అటూ ఇటూ చెయ్యలేదు నువ్వు.
చేపకిచ్చిన మర్యాద
నాకివ్వలేకపోయావా?"

చీటీ చింపి మళ్లీ రాశాను.
చేతిరాత కాస్త వంకరపోయింది.

ఇప్పుడు సెప్టెంబరు. నూట ముప్ఫై ఒకటి.
మోకాలు బాగుపడలేదు,
వాన సంగతి నాకంటే ముందే చెబుతుంది.
జుట్టు దువ్వడానికి భుజం లేవదు.
గురువారం గురువారం అన్న హేవర్డ్ కోసం
ఎడం చేత్తో రొట్టె పిండి పిసుకుతుంది ఇప్పటికీ.
"వాసనకి తూకం లేదుగా" అంటుంది.

నిన్న ఆమె చీటీ పట్టుకు వెళ్లాక
తలుపు దగ్గరగా వేసి
బూట్లు విప్పి నేనెక్కాను పలక.
చలికి పలక చురుక్కుమంది.
ముల్లు నా వెనకెక్కడో కదిలి ఆగింది.
మెడ ఎంత తిప్పినా అందలేదు.

కిటికీలోంచి చూస్తే
ఇంకా రేవు దాటలేదు తను, కర్ర ఒక్కటే ఇప్పుడు.
బ్యూలా, అని అరిచాను,
ఒక్కసారి వెనక్కి రా.