గాలి ఎటు

"ఒదార్కా, గాలి ఎటు?"
రేడియో ముందు అడిగేది అదే.
మంట ఎంత అన్నది తర్వాత.

ముప్పై ఐదు మీటర్ల ఇనుప బురుజు మీద
చల్లారిన టీ, బైనాక్యులర్లు, నేను.
కింద ఎవరూ నరకని పైన్ అడవి.
ఆ ఏడు కురిసిన దుమ్మంతా
కడుపులో దాచుకుని
పెరగడమే పనిగా పెరిగింది.

నిప్పు లేనిదే పొగ రాదు, సరే.
ఈ పొగకి నిప్పులు రెండు:
ఒకటి నిన్న సాయంత్రానిది,
ఒకటి నేను పుట్టకముందుది.

నిన్నటిది ఎవరిదో తెలిసింది.
ప్రిప్యాత్ అవతలి సమాధుల దగ్గరికి
ఏడాదికోసారి రానిచ్చే రోజున వచ్చిన ప్రొకోప్ తాత.
తల్లి శిలువ చుట్టూ ఎండుగడ్డి.
కొడవలి పట్టే చేతులు కావవి,
అగ్గిపుల్ల గీశాడట.
శుభ్రం చేద్దామని.

నజారీ వాళ్లు పారలతో దిగారు.
లోలోపల రాజుకునే పీట్ నేల,
మంట కనపడదు, బూటు అడుగు కరుగుతుంది.
జేబులో మీటరు ఒకటే టిక్కుటిక్కు.
తీసి బండిలో పడేశాడు:
"ఇది ఆర్పదు కదా."

పొద్దుగూకే వేళ గాలి తిరిగింది,
మా అమ్మ బట్టలారేసే వైపు.
రేడియో అడిగింది.
దిక్కు చెప్పాను.
ఊరి పేరు చెప్పలేదు.