క్రియ చివర

ఎం.ఏ. రెండో సెమిస్టరు.
పేపరు పేరు జెండర్, సెక్సువాలిటీ.
"అంటే ఏంటే?" అంది అమ్మ
మిరపకాయ తొడిమ తుంచుతూ, తలెత్తకుండా.
లైంగికత అన్న మాట నోటిదాకా వచ్చి
ఘాటుకి తుమ్మైపోయింది.
"ఆడా మగా గురించి" అన్నాను.
"దానికి బస్సెక్కి అంత దూరం పోవాలా?
యార్డులో తొడిమ తీసే ఆడకూలీకి నాలుగొందలు,
బస్తా మోసే మగకూలీకి తొమ్మిదొందలు,
తుమ్ములు మాత్రం ఇద్దరికీ సమానం. రాసుకో."

రాసుకోలేదు. క్లాసు ఇంకా మొదలవలేదనుకున్నాను.

పెదకాకాని దాటాక కిటికీ పక్కన కూర్చుని
నా తెలుగుని నేనే తిరగేసి చూశాను.
అన్నయ్య వచ్చాడు.
బస్సు వచ్చింది. బర్రె వచ్చింది.
అమ్మ వచ్చింది.
ఇన్నేళ్ళూ ఈ వాక్యాల కిందే కాపురమున్నాం,
కప్పు ఎక్కడ కారుతుందో తలెత్తి చూసిందెవరు?

ఫీల్డు వర్కుకి వెళ్ళమన్నారు మేడమ్.
మూడు వంతెనల దగ్గర, టీ బండి పక్కన
ప్రశ్నల కాగితం ఒళ్ళో పెట్టుకుని
మస్తానమ్మ ఎదురుగా కూర్చున్నాను.
మొదటి గడి పేరు.
రెండో గడి లింగం.
పెన్ను ఆగింది.
తనకి నవ్వొచ్చింది, కిళ్ళీ రంగు నవ్వు.
"ఏదో ఒకటి రాసుకో తల్లీ, ఇంకు నీదేగా.
పోలీసోళ్ళూ రాశారు, ఆస్పత్రోళ్ళూ రాశారు,
ఎవరి రాత వాళ్ళదే."
గ్లాసు నా చేతికిచ్చి, కాసేపాగి,
"మరి నీ కాగితం ఎవరు నింపుతారు?"

హాస్టల్లో పక్క మంచం కెజియా
తడి తల విదిలించుకుంటుంటే
నేను పేజీ తిప్పడం మర్చిపోతానని
ఈవిడకెవరు చెప్పారు?
టీ కాలింది. కాలనిచ్చాను.
అది సిలబస్‌లో లేదు,
ఉన్నా ఎన్ని మార్కులకో.

రాత్రి రిపోర్టు మొదటి వాక్యం దగ్గరే
పదకొండు దాటింది.
ఇచ్చాడు, కొట్టేశాను.
ఇచ్చింది, కొట్టేశాను.
"మస్తానమ్మ నాకు టీ ఇప్పించారు."
ఆ 'రు' గుమ్మం దగ్గర
ఆడా మగా అన్న ప్రశ్న
చెప్పులతోపాటు బయటే ఆగిపోయింది.

మేడమ్ ఎర్ర పెన్నుతో గీత గీసి
పక్కన "అనవసర వివరం" అన్నారు.

ఆదివారం అమ్మ మండే వేళ్ళకి
కొబ్బరినూనె రాస్తూ చదివి వినిపించాను.
కెజియా దగ్గర గొంతు తగ్గించి,
ఆ పేరా దాటేసి.
అంతా విని
"టీ డబ్బులు నువ్వు ఇవ్వాల్సింది" అంది.