రెండు వందల పదకొండు – ఏ

పర్లాకిమిడి నీటిపారుదల ఆఫీసులో
నేను డిస్పాచ్ గుమాస్తాని.
వెళ్ళే ప్రతి కాగితానికీ ఒక అంకె,
అంకె పక్కన తారీకు.
ఇరవై రెండేళ్ళుగా వండేది ఈ కూరే.

పొట్నూరు కుంతల కాశీనగరంలో గేజి రీడరు.
వంశధార ఒడ్డున నలుపు తెలుపు గళ్ళ స్తంభం ఒకటి ఉంటాది.
పొద్దున్న ఆరింటికీ సాయంత్రం ఆరింటికీ
కళ్ళు చికిలించి చదివి ఫోను చేసేది:
"యాభై రెండు పాయింటు నాలుగు సార్, నిలకడ."
పదకొండేళ్ళు.
కాన్పుకెళ్ళిన మూడు నెలలూ వాళ్ళాయన చెప్పేవాడు,
వెనకనుంచి ఆవిడ గొంతు దిద్దుతూ ఉంటే.

వరదరోజుల్లో రాత్రి డ్యూటీకి భత్యం వేరే.
మూడేళ్ళు రాత్రి చేసినవాళ్ళకే వర్కు సర్కారు ప్రమోషను.
రాత్రి జాబితాలో ఆవిడ పేరు ఏనాడూ లేదు.
స్తంభం చదవడం ఆవిడ దగ్గరే నేర్చుకున్న కుర్రాళ్ళిద్దరు
ఆవిణ్ణి దాటుకుని పైకెళ్ళిపోయేరు.
అడిగితే సారు నవ్వేరట,
"ఆడమనిషివి, అర్ధరాత్రి ఏటి గట్టున నీకేం పని?"
"ఏరు కూడా ఆడదే కద సార్,
రాత్రుళ్ళు పారడం మానేసిందేటి?"

టీ గ్లాసులతోపాటు ఆ మాట
ప్రతి బల్లకీ చేరింది. అందరం నవ్వేం.
ఆ మాటనే ఒక ఫిర్యాదు చేసి, రెండు ప్రతులు తీసి,
జులై తొమ్మిదిన నా ముందు నిలబడింది.
"రసీదు ముద్ర ఎయ్యండి బాబూ."
వేసేను. అది నా పని,
ధైర్యం అనుకోకండి.

పద్నాలుగున సారు లోపలికి పిలిచేరు.
బదిలీ ఉత్తర్వు.
ఆర్. ఉదయగిరి కొండల మీదికి,
గోదాంలో సిమెంటు బస్తాలు లెక్కపెట్టడానికి.
అక్కడ చదవడానికి ఏరు లేదు.
కారణం గడిలో ఒడియా అక్షరాలు: ప్రశాసనిక కారణరు.
ఎంత గుండ్రంగా ఉంటాయో!
ఎటునుంచి తడిమినా చెయ్యి గీరుకోదు.
తారీకు మాత్రం జులై ఏడు.

నా రిజిస్టర్లో ఏడో తారీకు అప్పటికే నిండిపోయి ఉంది.
రెండు వందల పదకొండుకీ పన్నెండుకీ నడుమ
చీమ దూరేంత జాగా.
అందులో ఇంకో రెండు వందల పదకొండుని ఇరికించి
పక్కన 'ఏ' అని తగిలించేను.
ఈ చేత్తోనే. నల్ల పెన్ను దొరక్క
నీలంతో.

ఇప్పుడు కాశీనగరం నుంచి ఎవరో కుర్రాడు ఫోను చేస్తాడు,
"నిన్నటంతే సార్."
ఎగువన కొండల్లో రెండ్రోజులు వాన కురిసిన పొద్దున్న కూడా
నిన్నటంతే.

నవంబరులో విచారణకి బరంపురం నుంచి ఒక మేడం వచ్చేరు.
రిజిస్టరు తిప్పి తిప్పి
ఆ నీలం దగ్గర వేలు పెట్టేరు.
"ఇదేమిటి?"
సారు ఫ్యాను కేసి చూసేరు.
హెడ్‌క్లర్కు దగ్గేడు.
కుంతల గోనె సంచీలోంచి
పదకొండేళ్ళ గేజి పుస్తకాలు తీసి బల్లమీద పేర్చింది.
కొన్నిటికి చెదలు పట్టింది.
"ఏటికి 'ఏ' ఉండదు మేడం,
ఎక్కితే ఎక్కినకాడికే రాస్తాం."

నా వంతు వచ్చింది.
రిటైరు కావడానికి పద్నాలుగు నెలలుంది నాకు,
చిన్నదాని చదువు ఇంకా సగంలో ఉంది.
మంచినీళ్ళు అడిగేను.
గ్లాసు తెచ్చి పెట్టేరు.
తాగకుండా దాన్నే చూస్తూ ఉన్నాను.
సగానికి కొంచెం కింద,
నిలకడ.
"జులై పద్నాలుగు" అన్నాను.

రిపోర్టు ఇంకా రాలేదు.
ఆవిడింకా కొండమీదే బస్తాలు లెక్కపెడుతోంది.
నాకు మాత్రం మర్నాడే మెమో వచ్చింది,
రిజిస్టర్లో అక్రమంగా అంకె చేర్చినందుకు.
డిస్పాచ్ గుమాస్తాని నేనే కదా,
దానికీ ఒక అంకె వేసి
ఆ రోజు తారీకే రాసుకున్నాను.