పెన్సిల్ వరుస

ఈరీ కౌంటీలో ముప్ఫైయొక్క ఏళ్ళు
తూకాలు తనిఖీ చేశాడు లెస్టర్ బ్రుజ్దా.
మాంసం కొట్టు తరాజు, పెట్రోలు పంపు,
కంకర క్వారీలో లారీలెక్కే కాటా,
దేని ముల్లు ఎటు మొగ్గుతుందో
దూరం నుంచే పసిగట్టేవాడు.
ఆయన సంచీ మోసిన ఆఖరి అసిస్టెంటుని నేను.
ఇత్తడి గుండ్లని వేలితో తాకనిచ్చేవాడు కాదు,
"నీ చెమట కూడా బరువే" అనేవాడు.

రిటైరయ్యాక ఆయనకి తూచడానికేమీ మిగల్లేదు,
ఏప్రిల్ తప్ప.

సరస్సు మీద మంచు పెళ్ళలు విరిగి
ఒడ్డుని ఒరుసుకునే ఆ వారాల్లో
టీవీలో టై కట్టిన మనుషులు
ఇరవై రెండేళ్ళ ఫుట్‌బాల్ కుర్రాళ్ళకి ధర కడతారు.
నలభై గజాలు ఎంతసేపట్లో పరిగెత్తాడు,
అరచెయ్యి ఎన్ని అంగుళాలు,
లోపల ఆకలి ఉందా.
ఆకలిని ఏ గుండుతో తూచారని
లెస్టర్ టీవీని అడిగేవాడు.
టీవీ ప్రకటనల్లోకి వెళ్ళిపోయేది.

అందుకే లెడ్జరు తెరిచాడు.
పద్నాలుగు మంది విశ్లేషకులు, పదకొండేళ్ళు.
ఎడమ పేజీలో వాళ్ళన్న మాట, తేదీతో.
కుడి పేజీ ఖాళీ.
"అది నిండడానికి అయిదేళ్ళు పడుతుంది.
అప్పటికి అన్నవాడూ మరిచిపోతాడు, విన్నవాడూ మరిచిపోతాడు.
కాగితం ఒక్కటే మొండిది."

చలికాలం సాయంత్రాలు నేను చదివేదాన్ని, ఆయన దిద్దేవాడు.
మొదటి పదిమందిని చెప్పడం విద్యే కాదట,
ఎండ చూసి పగలనడం లాంటిదట.
నూటయాభయ్యో పేరు దగ్గర చూడాలి చేతి వణుకు.
గోడ మీద పిల్లులు నలుగురున్నారు:
"నిలదొక్కుకుంటే గొప్పవాడు, లేకపోతే లేదు."
వాళ్ళకి సున్నా కూడా వెయ్యలేదు.
ముల్లే లేని తరాజుకి తప్పేమిటి, ఒప్పేమిటి?
ఉలిపికట్టె ఒకడు, గార్నెట్ ఫ్లడ్,
పదేళ్ళ కిందట తగిలిన ఒక్క రాయినే
ఇంకా విసురుతున్నాడు.

ఒక రాత్రి కియోన్ మబ్రీ పేరు దగ్గర ఆగిపోయాం.
ఏడుగురు రాశారు: కుడి తుంటి బిగుసు, మలుపులో ఆలస్యం.
ఏడుగురూ అతన్ని జార్జియా వాడన్నారు.
అతను అలబామా వాడు.
లెస్టర్ కళ్ళద్దాలు తీసి నవ్వాడు.
పక్కవాడి కాగితం చూసి రాసే పిల్లలు
ఒప్పు దగ్గర దొరకరు, తప్పు దగ్గర దొరుకుతారు.
"ఏడు కాటాలనుకున్నాం.
ఉన్నది ఒక్కటే, ఏడు దుకాణాల్లో తిప్పుతున్నారు."
ఆ తుంటిని నిజంగా చూసిన మొదటి కన్ను ఎవరిదో
మాకు తేలనేలేదు.

లెడ్జరంతా నల్ల సిరా.
ఒక్క వరుస పెన్సిల్.
ఆన్సెల్ ప్రూయిట్, ఎడమ టాకిల్, మూడు వందల ఇరవై పౌన్లు.
అందరూ వదిలేసిన కుర్రాణ్ణి
వారెన్ స్టిగల్ ఒక్కడే పట్టుకున్నాడు:
"పన్నెండేళ్ళు ఆడతాడు, రాసిపెట్టుకోండి."
లెస్టర్ రాసిపెట్టుకున్నాడు.
రెండో ఆటలో, ఎవరూ తోయకుండానే,
తడి గడ్డిలో మోకాలు మడత పడింది.
"ఇది స్టిగల్ తప్పా?" అన్నాను.
ఆయన పెన్సిల్ చెక్కాడు.
చెక్కుతూనే ఉన్నాడు.

లెడ్జరిప్పుడు నా దగ్గరుంది.

నిరుడు నవంబరులో గిరార్డ్ దాటాక క్వారీకి వెళ్ళాను.
కాటా గదిలో వంగి కూర్చున్న భారీ మనిషి
చొక్కా మీద ప్రూయిట్ అని కుట్టుంది.
ఆగలేక స్టిగల్ సంగతి అడిగేశాను.
"మూడుసార్లొచ్చాడు. వానలో నిలబడి ప్రాక్టీసు చూశాడు.
మిగతావాళ్ళని నేను టీవీలోనే చూశాను.
వాళ్ళు నన్ను ఎక్కడ చూశారో."
ఆయన రాసింది వాళ్ళమ్మ కత్తిరించి
ఫ్రిజ్ మీద అంటించిందట.
ఫ్రిజ్ మారిందట, కాగితం మారలేదట.

నేను గుండ్లు దించబోతే
చీటీ ఒకటి చేతికిచ్చాడు.
సోమవారం నుంచి నలభై పౌన్లు ఎక్కువ చూపిస్తోందని
తేదీ వేసి, తనే రాసిపెట్టాడు.
నేను నమ్మలేదనుకున్నాడేమో,
కుంటుకుంటూ బయటికి నడిచి
ఆ ఇనప పలక మధ్యలో నిలబడ్డాడు.
చిన్నగా మంచు పడుతోంది.
అద్దం అవతల అంకెలు ఊగి, నిలిచాయి.
మూడు వందల అరవై.

"నలభై తీసెయ్యండి" అన్నాడు.