దగ్గు

ఫాదరు పడవ మా దీవికి ఏడాదికోసారి వస్తుంది,
అదీ గాలి ఒప్పుకుంటే.
మిగతా ఆదివారాలన్నీ నా నెత్తినే.
చర్చి తాళంచెవి నా దగ్గర, గంట తాడు నా దగ్గర,
చనిపోయినవాళ్ళ పేర్ల చిట్టా నా దగ్గర.
నలభై ఏళ్ళుగా
చిలోయే వానకి ఉబ్బిన ఈ చెక్కబల్లల మధ్య
జనం నా గొంతు వెంటే ప్రార్థన నడుస్తారు.

నీకు తెలుసు కదా ప్రభూ,
మా అప్పులు కొట్టేయమని అడిగే ఆ మాట దగ్గర,
మేమూ కొట్టేశామని చెప్పుకోవలసిన ఆ మాట దగ్గర,
పదకొండేళ్ళుగా నాకు దగ్గొస్తుంది.
సరిగ్గా అక్కడే.
పొయ్యి పొగ అనుకుంటారు మావాళ్ళు.
నా భార్య ఎర్మెలిందా తేనె కాచి ఇస్తుంది.
నువ్వూ నేనూ తప్ప ఎవరికీ తెలియదు,
ఆ దగ్గు పేరు ఎలాదియో బార్రియా అని.

కంచె జరిపాడు. మూడు మూరలు.
మూడు మూరల బంగాళాదుంప నేల!
నవ్వకు.
ఆకాశాలున్నవాడికి మూడు మూరలు నవ్వులాటే.

నిన్ను ఎరుగుదుననే అనుకున్నాను.
పండుగలు వేళ్ళ మీద లెక్కపెట్టగలను,
ఫాదరు లేనప్పుడు పసిబిడ్డ తల మీద నీళ్ళు పోసి పేరు పెట్టగలను,
చావింట్లో ఏ పాట ఎత్తాలో, ఎక్కడ ఆపాలో తెలుసు.
ఊరికి దారి చెప్పేవాడు
ఆ ఊరు చూసే ఉండాలని ఏముంది?

ఈ శరత్తులో సముద్రం
ఎలాదియో గుమ్మం కింద మట్టి తినేసింది.
మా దగ్గర ఇళ్ళు కూల్చుకోం, లాక్కెళతాం,
దుంగల మీద పెట్టి, తాళ్ళు కట్టి, ఊరంతా ఎడ్లతో.
సాయం అడగడానికి ఇంటింటికీ తిరిగాడు. ఆనవాయితీ.
నా గేటు దగ్గర ఆగాడు. టోపీ తీశాడు.
మళ్ళీ పెట్టుకున్నాడు.
వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి నిన్ను అడిగాను, ఏం చెయ్యమంటావని.
చెక్కపెంకుల మీద వాన.
ఇంకా అడిగాను.
ఇంకా వాన.

తెల్లవారేసరికి నాలో ప్రేమేమీ పుట్టలేదు, అబద్ధమెందుకు.
కోపం బూడిద కింద నిప్పులా అలాగే ఉంది.
పాకలో వేగుచుక్క పేరు పెట్టుకున్న నా ఎద్దు లుసేరో మాత్రం
లేచి నిలబడి ఉంది.
కాడి ఎత్తితే తనే తల వంచింది.
ఎవరి ఇల్లని అడగలేదు.

ఇరవై జతల ఎడ్లు. అరుపులు. మోకాళ్ళ దాకా బురద.
ఇల్లు కదిలింది,
లోపల గోడగడియారం కొట్టుకుంటూనే,
కిటికీలో అతని తల్లి సెఫెరీనా
దిగనంటే దిగనని జపమాల పట్టుకుని కూర్చునే.
వాలు దగ్గర ముందు తాడు తెగింది.
ఇల్లు వెనక్కి మూలిగింది.
ఎవరు ముందు పరిగెత్తారో గుర్తులేదు.
దూలం కింద ఆనించిన భుజాలు రెండు,
ఒకటి నాది.
రెండోదాని ఊపిరి నా చెంపకి తగులుతోంది,
ఉల్లిపాయ వాసన, పొగాకు వాసన.
అంత బరువు కింద, ప్రభూ,
కంచె ఎటువైపుందో ఎవడికి గుర్తుంటుంది?

అక్కడ నిన్ను చూశానని అనను.
వెలుగు రాలేదు. స్వరం రాలేదు.
కానీ ఆ బరువు
ఉండవలసినదానికంటే తేలికగా ఉంది,
లెక్క ఎక్కడో తప్పినట్టు,
మూడో భుజం ఎవరిదో కింద ఉన్నట్టు.

సాయంత్రం గుంట తవ్వి,
వేడి రాళ్ళ మీద ఉడికిన గుల్లలూ దుంపలూ పంచుకున్నాం.
ఎలాదియో నా పళ్ళెంలో ఒక దుంప వేశాడు.
ఊదారంగుది.
ఆ మూడు మూరల నేలలోదే, అనుమానం లేదు.
అతనేమీ అనలేదు. నేనేమీ అనలేదు.
తిన్నాను.
తియ్యగానే ఉంది, ఏం చెప్పను.

ఆదివారం గంట కొట్టాను.
పదకొండేళ్ళుగా ఖాళీగా ఉన్న వెనక బల్ల మీద
ఒక టోపీ.
ప్రార్థన నడిచింది. ఆ మాట దగ్గరికి వచ్చాం.
దగ్గొచ్చింది.
అలవాటో, పొగో, నాలో ఇంకా చావని పాత మనిషో.
ఆగాను. జనమూ ఆగారు.

వెనక నుంచి, బొంగురుగా,
నేను వదిలేసిన చోట ఆ మాటని
అతను ఎత్తుకున్నాడు.

నలభై ఏళ్ళలో మొదటిసారి
ఇంకొకరి గొంతు వెంట
నేను నడిచాను.